ముప్పైమూడు చీరల దారం

డెస్మండ్ దొర ఆస్ట్రేలియాకు పోతూ తన చేపల కడ్డీని మా ఆయన చేతిలో పెట్టి పోయాడు. ఆ కడ్డీ మా నడవలో మూలకు చేరిన రోజు నుంచి నాకు అన్నం సహించలేదు.

దొర అని పిలవడమే గాని ఆయన నిజం దొర కాదు. రేణిగుంట రైల్వే కాలనీలో పుట్టి పెరిగి, గూడ్సు బండికి గార్డుగా చేసి రిటైరైన ఆంగ్లో ఇండియన్. మా ఆయన తిరుమలయ్య నగరిలో మరమగ్గాల మెకానిక్కు. వీళ్ళిద్దరికీ స్నేహం కుదిర్చింది ఒక రీలు. కడ్డీ అడుగున దారం చుట్టుకోవడానికి గుండ్రటి చక్రం ఒకటి ఉంటుంది, దానిపేరే రీలు. దొర సెలవు దొరికితే చాలు, నాయుడుపేట దాటి సముద్రం ఒడ్డుకు పోయి చేపలు పట్టేవాడు. ఉప్పునీళ్ళకు రీలు తుప్పు పట్టి బిగుసుకుపోయేది. దాన్ని పాత కాగితంలో చుట్టుకుని బస్సెక్కి నగరికి వచ్చేవాడు. మా ఆయన దాన్ని విప్పి, గీకి, నూనె పెట్టి ఇచ్చేవాడు. ఇట్లా పన్నెండేళ్ళు జరిగింది. చివరికొకనాడు ఆ రీలు మా ఆయన చేతిలోనే రెండు ముక్కలైంది. అందుకే మాకు కడ్డీ వచ్చింది గాని రీలు రాలేదు.

ఎనభై ఒకటిలో రేణిగుంట స్టేషన్లో దొరను సాగనంపడానికి నేను కూడా పోయాను. పోకూడదనుకుని పోయాను. రైలు కదిలేముందు ఆయన మా ఆయన భుజం పట్టుకుని, "నేను పోతాను, తిరుమల్" అన్నాడు.

"పోతాను అనకూడదు దొరా. పోయొస్తాను అనాల" అన్నాను నేను.

"పోయి... వస్తాను" అని పాపం కూడబలుక్కుని అన్నాడు. డెబ్బై ఏళ్ళ మనిషి అంత దూరం నుంచి ఎక్కడ వస్తాడు. అయినా అనిపించుకుంటే నాకు కొంచెం నయం.

నాకు ఏడేళ్ళప్పుడు మా నాయన రంగూన్ ఓడ ఎక్కాడు. మదరాసు రేవులో అమ్మ చెయ్యి పట్టుకుని నిలబడి ఉంటే, ఓడకు కట్టిన తాళ్ళు ఒక్కొక్కటే విప్పుతున్నారు. ఎందుకు విప్పుతున్నారు అని అడిగాను. ఎవరూ చెప్పలేదు. నాయన మళ్ళీ రాలేదు. అప్పటి నుంచి మా ఇంట్లో ఎవరు గడప దాటి ఊరికి పోయినా పసుపుగుడ్డలో రూపాయిబిళ్ళ పెట్టి ముడుపు కట్టి ఏడుకొండలవాడి పటం వెనక వేలాడదీస్తాను. మనిషి తిరిగొచ్చాక విప్పుతాను. మా ఆయన పుత్తూరుకు బోల్టులు కొనడానికి పోయినా అంతే.

ఇట్లాంటి నాతో ఒకరోజు మా ఆయన, అరవై ఏడేళ్ళ మనిషి, ఇడ్లీ తింటూ చెప్పాడు.

"ఒక రీలు కొనుక్కుని నేను కూడా సముద్రానికి పోతా మే."

"మనం చేప తినం గదయ్యా."

"తినేదానికి కాదు. పట్టి మళ్ళీ నీళ్ళలోకి ఇడిచిపెట్టేది."

"ఇడిచిపెట్టేదానికి పట్టేదెందుకు?"

"అది ఆట."

"ఆటైతే పులిజూదం ఆడుకో. అరుగు మీదనే ఉంటావు."

ఆయన ఇంకో ఇడ్లీ పెట్టించుకున్నాడు. అంటే మాట అయిపోయిందని అర్థం. ఎట్లాంటి రీలు కొనాలో చెప్పమని దొరకు ఉత్తరం రాశాడు. జవాబు రావడానికి రెండు మూడు వారాలు పడుతుందని తెలిసి కూడా నాలుగు రోజులు ఆగలేక పొద్దున బండికి మదరాసు పోయాడు. నేను ముడుపు కట్టాను. మూర్ మార్కెట్లో పాత సామాన్లు అమ్మే పరంధామయ్యది మా పక్క పుత్తూరే. మూడు రీళ్ళు సంచిలో వేసి, ఇరవై రోజులు చూసుకుని నచ్చింది పెట్టుకుని మిగతావి తెచ్చిచ్చెయ్యమన్నాడట. సాయంత్రం బండికి మా ఆయనా మూడు రీళ్ళూ దిగాయి. ముడుపు విప్పాను గాని మనసు విప్పుకోలేదు.

నల్లరంగు వేసిన చిన్న రీలు ఒకటి, ఇత్తడిది ఒకటి, బంగారు రంగు పూత పూసిన పెద్ద రీలు ఒకటి. అరుగు మీద వాటిని పరిచి కూర్చున్నాడో లేదో పక్కింటి కుప్పయ్య మగ్గం ఆపి వచ్చేశాడు. వెనకే అతని పెండ్లాం చౌడమ్మ.

"ఏందన్నా ఇవి?"

"ఫ్లై రీళ్ళు."

"ఫ్లై షటిల్‌వా? మాదాంట్లో ఒకటి ఇరిగిపోయుండాది, ఆ నల్లది నాకియ్యి."

"మగ్గానివి కాదప్పా. ఫ్లై అంటే ఈగ. కోడి ఈకతో ఈగను చేసి దారం కొసకు కట్టి నీళ్ళమీదికి ఇసిరేస్తే చేప వచ్చి పట్టుకుంటాది."

కుప్పయ్య అరుగు మీద కూర్చున్నాడు. "సముద్రంలో ఈగలు యాడుంటాయన్నా?"

"ఒడ్డున చేపలు ఎండేసిన చోట ఉంటాయిలే" అంది చౌడమ్మ.

"అది చచ్చిన చేపను ఈగ తినేది. అన్న చెప్పేది బతికిన చేప ఈగను తినేది. తిరగేసి చెప్తాండాడు" అన్నాడు కుప్పయ్య.

మా ఆయన నల్లరీలు తిప్పాడు. కిర్రుకిర్రుమని మెత్తటి శబ్దం వచ్చింది. ఆయన మొహం చూస్తే, మనవరాలి నోట మొదటి మాట విన్నవాడిలాగా ఉన్నాడు.

"వీట్లో ఉప్పునీళ్ళకు తట్టుకునేది ఏదో తెలిసేదెట్ల?" అన్నాడు.

ఆ మాట వినగానే నాకు దారి దొరికింది. "ఉప్పు సంగతి నాకిడిచిపెట్టు. నలభై ఏండ్లుగా ఊరగాయ పెడతాండాను. ఏ లోహం ఉప్పుకు నిలబడతాదో నాకు తెలవదా? జాడీలో ఉప్పునీళ్ళు పోసి మూడూ నానేస్తా. ఎనిమిది రోజులకు మూత తీసి సూస్తాం. నిలబడిందాన్ని పెట్టుకో. ఏదీ నిలబడకపోతే మూడూ తిరిగిచ్చెయ్యి."

ఏదీ నిలబడదని నా నమ్మకం. ఇనుముకు తుప్పు, ఇత్తడికి చిలుం, సత్తుకు బొక్కలు. ఇది వంటింట్లో ఉన్న ఏ ఆడదానికైనా తెలుసు. మా ఆయన సంతోషంగా తల ఊపాడు. పెద్ద జాడీ తెచ్చి, బావినీళ్ళలో గళ్ళుప్పు కలిపాను. ఆయన వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు.

"సముద్రం ఇంత ఉప్పుండదు మే."

"నువ్వు తాగినావా?"

ఆయన పనికి పోయాక నేను ఇంకొంచెం సాయం చేశాను. పోయినేటి నిమ్మకాయ ఊరగాయ అడుగున మిగిలిన ఊట రెండు గరిటెలు, చింతపండు పులుసు ఒక గరిటె. దేవుడి పటం వైపు చూడకుండా మూత పెట్టి గుడ్డ కట్టాను.

తొమ్మిదో రోజు పొద్దున చౌడమ్మ, కుప్పయ్య కూడా వచ్చి కూర్చున్నారు, పెండ్లిచూపులకు వచ్చినట్టు. మూత తీశాను. ముందు నల్లది వచ్చింది. మరమేకుల దగ్గర ఎర్రగా తుప్పు, రంగు పొలుసులుగా లేచింది. ఇత్తడిది ఆకుపచ్చగా చిలుం పట్టి జిడ్డు కారుతోంది. నాలోపల నేను నవ్వుకుంటూ మూడోదానికోసం చెయ్యి పెట్టాను. బంగారు రంగుది నేను జాడీలో వేసినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే వచ్చింది. కొంగుతో తుడిస్తే నా మొహం కనిపించింది. ఆ మొహం ఏమంత బాగాలేదు.

"ఇదేరా మొనగాడు" అన్నాడు కుప్పయ్య.

అప్పుడు మా ఆయన అనుకోని మాట అన్నాడు. "ఇది బరువు. పైగా పెద్దది. నల్లదే నా చేతికి ఒదిగుండాది. తుప్పు గీకి నూనె పెడితే సరి. దొర రీలును పన్నెండేండ్లు నడిపినోణ్ణి, దీన్ని నడపలేనా?"

నా ప్రాణం లేచి వచ్చింది. నల్లదైతే రెండోసారికే బిగుసుకుపోతుంది, ఆయనకూ విసుగు పుడుతుంది, కడ్డీ అటక ఎక్కుతుంది. "అవును, నల్లదే బాగుండాది. శబ్దం కూడా ఇంపుగా ఉండాది" అన్నాను. మా ఆయన నన్ను అనుమానంగా చూశాడు. నలభై ఏళ్ళలో ఆయన మాటకు నేను అవునన్నది అదే మొదలేమో.

ఆయన రెండు రోజులు కూర్చుని నల్లరీలును గీకి, నూనె పెట్టి, తిప్పి, మళ్ళీ నూనె పెట్టాడు. మూడోరోజు దొర ఉత్తరం వచ్చింది. నీలం కాగితం, రెండు వైపులా సన్నటి ఇంగ్లీషు. మా ఆయన ముందువైపు గబగబా చదివి, "తుప్పు పట్టనిది కొనుక్కోమన్నాడు, వాడినంక మంచినీళ్ళతో కడగమన్నాడు. నాకు తెలిసిందే" అని మడిచి పటం వెనక పెట్టి పనికి పోయాడు.

ఉత్తరం ఏదైనా సరే పూర్తిగా చదవకుండా ఉండలేను. నాకు చదువు ఎవరూ చెప్పలేదు. పప్పులూ బెల్లమూ కట్టుకొచ్చిన పొట్లాల కాగితాల మీద తెలుగూ అరవమూ నేర్చుకున్నాను. ఇంగ్లీషుకు మా ఇంట్లో ఒక డిక్షనరీ ఉంది. దానికి అట్టా లేదు, మొదటి అరవై పేజీలూ లేవు. అందుకని 'ఏ' అక్షరంతో మొదలయ్యే మాటలకు నాకు అర్థాలు తెలియవు. అయినా రెండు మధ్యాహ్నాలు కూర్చుని వెనకవైపు చదివాను.

దొర రాసింది ఇదీ. తిరుమల్, చిన్న రీలు మాత్రం కొనవద్దు. సముద్రపు చేప మీ చెరువు చేపలాంటిది కాదు, పట్టుకున్నాక పరుగెత్తుతుంది. రీలులో దారం చాలకపోతే మనిషి దాని వెనకే నీళ్ళలోకి నడవాలి. తూపిలిపాలెంలో నేను అట్లా మెడలోతుకు పోయాను, జాలరులు జుట్టు పట్టి లాగారు, నా టోపీ మాత్రం రాలేదు. ఇది నీకు ఎప్పుడూ చెప్పలేదు. రెండు వందల గజాల దారం పట్టే రీలు, బలమైన బ్రేకు ఉన్నది కొనుక్కో. నువ్వు ఒడ్డునే నిలబడితే చేపే పోయి చేపే వస్తుంది.

ఉత్తరం పట్టుకుని వంటింట్లో లెక్క వేశాను. నల్లరీలులో పట్టేది అరవై గజాలు. నా కళ్ళముందే ఆయన చుట్టాడు. అరవై గజాలంటే పది చీరలు. రెండు వందలంటే ముప్పైమూడు చీరలు, మీద రెండు రవికెలకు మిగిలేది. మా ఆయనకూ సముద్రానికీ మధ్య ఇరవైమూడు చీరల తేడా ఉంది. నేనేమో నల్లదే బాగుందని పొగిడి కూర్చున్నాను.

సాయంత్రం ఆయన రాగానే, "బంగారుదే పెట్టుకో" అన్నాను.

"మొన్న నల్లదే బాగుండాదంటివే."

"ఇప్పుడు బాగలేదు."

"ఆడోళ్ళు చీర కొన్నట్టుండాది నీ యవ్వారం" అని ఆయన నల్లదాన్ని కడ్డీకి బిగించాడు.

ఉత్తరం చూపిస్తే, దొర భయస్తుడు అని కొట్టిపారేశాడు. మా ఆయనకు మాట ఎక్కదు, మిషను నడిచి చూపిస్తేనే ఎక్కుతుంది. మర్నాడు ఆలోచించి అన్నాను: "సముద్రానికి పోయేముందు ఒకతూరి లాగించి చూడొద్దా? గంగులప్ప పొట్టేలును అడుగుతా."

గంగులప్పది వీధి ఆ చివరి ఇల్లు. అతని పొట్టేలు పగలంతా మా ఇంటి పక్క బీడులో మేసి, సాయంత్రం పలుపు విప్పగానే ఇంటివైపు ఉరుకుతుంది. తవుడు నీళ్ళు పెట్టే వేళ దానికి బాగా తెలుసు. ఆ సాయంత్రం దాని మెడపట్టెకు దారం కొస కట్టాం. మా ఆయన కడ్డీ పట్టుకుని గడప ముందు నిలబడ్డాడు. చౌడమ్మ పలుపు విప్పింది.

పొట్టేలు పోయింది. నల్లరీలు కిర్రుమంది, ఇంకా గట్టిగా కిర్రుమంది, పది చీరలు చటుక్కున అయిపోయాయి. కడ్డీ వంగింది. మా ఆయన కడ్డీని వదలడు, పొట్టేలు ఆగదు. పంచె ఎగ్గట్టి దాని వెనక ఉరికాడు. ఒక చెప్పు కుప్పయ్య ఇంటి ముందు, ఇంకొకటి కుళాయి దగ్గర. మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి, జనం గడపల్లోకి వచ్చారు. చివరికి పొట్టేలు తన గడపలో తవుడు తొట్టి ముందు నిలబడింది. మా ఆయన దాని తోక దగ్గర నిలబడ్డాడు.

గంగులప్ప అరుగు మీద నుంచి చూసి, "ఏమన్నా, దొంగ ముందర పోతాడు, పొట్టేలు ఎనకాల వస్తాది. నువ్వేంది తిరగబడి వస్తాండావు?" అన్నాడు.

మా ఆయన చెప్పులు ఏరుకుంటూ వెనక్కి వచ్చాడు. నేను నవ్వలేదు. నవ్వితే నల్లదాన్నే పట్టుకుంటాడని తెలుసు. "ఇదే నీళ్ళలో అయ్యుంటే?" అని మాత్రం అన్నాను. ఆయన నీళ్ళు తాగి, "ఆ బంగారుది ఇట్ల తీసుకురా" అన్నాడు.

దాన్ని అట్లాగే కట్టనివ్వలేదు నేను. పరంధామయ్య చుట్టిచ్చిన దారాన్ని మొత్తం విప్పమన్నాను. పడుగు పరిచేటట్టు వీధి పొడుగునా గుంజలకు ఆనించి పరిచాం. చీర కొలతతో కొలిచాను. ముప్పైమూడు చీరలు, కొంచెం మీదికే ఉంది. చివరికి వచ్చేసరికి నా అనుమానమే నిజమైంది. లోపలి కొస చక్రానికి కట్టి లేదు. ఊరికే చుట్టి పెట్టాడు. అంతా పోయిన రోజున కొస కూడా పోయేదే.

"దారం అంతవరకు పోదులే మే" అన్నాడు మా ఆయన.

"అంతవరకు పోయినప్పుడే గదా ముడి కావాల్సింది" అని, పోగు తెగితే వేసే మగ్గం ముడి వేసి, నీళ్ళతో తడిపి, పళ్ళతో బిగించాను. అది జారదు, తెగిన చోట మళ్ళీ తెగదు.

మర్నాడు పొట్టేలు మళ్ళీ పోయింది. ఈసారి బ్రేకు బిగించి ఉంది. రీలు ఏడ్చినట్టు సన్నగా పాడింది. పొట్టేలు సగం వీధికి నెమ్మదించింది, ముక్కాలు వీధికి నడిచింది, తవుడు తొట్టికి నాలుగు బారల దూరంలో నిలబడిపోయి వెనక్కి తిరిగి చూసింది. మా ఆయన గడప కదల్లేదు. నిదానంగా చుట్టాడు. పొట్టేలు మనసులో ఏమనుకుందో గాని, తల వేలాడేసుకుని తిరిగొచ్చింది.

"నా పొట్టేలుకు తవుడు ఎవుడు పెడతాడు?" అని గంగులప్ప ఆ చివర నుంచి అరిచాడు. మేమే పెట్టాం.

ఇత్తడిదాన్ని బాగా తోమి పరంధామయ్యకు తిరిగివ్వబోతే అతను వాసన చూసి, "ఇది చేపల రీలా, నిమ్మకాయ ఊరగాయదా" అన్నాడట. మా ఆయన ఇంటికొచ్చి జాడీ మూత తీసి తనూ వాసన చూశాడు. నేను జరిగిందంతా చెప్పేశాను. "ముందే చెప్పుంటే ఎనిమిది రోజులు మిగిలేవి" అని మాత్రం అన్నాడు. నల్లదాన్ని పరంధామయ్య ఎట్లాగూ తీసుకోడు. ఇప్పుడది మా పెరట్లో బట్టలారేసే తాడుకు పనికొస్తోంది.

తూపిలిపాలేనికి నేనూ బయలుదేరాను. ముడుపు కట్టలేదన్న సంగతి నాయుడుపేట దాటాక బస్సులో గుర్తొచ్చింది. తరవాత ఒడిలో ఉన్న రీలు వైపు చూశాను. ఒక ముడి కట్టే ఉంది గదా అనుకున్నాను.

సముద్రం నేను తలచుకున్నంత పెద్దదిగానే ఉంది. నేను మా ఆయన వెనక ఇసుకలో, చొక్కా అందేంత దూరంలో కూర్చున్నాను. అది తప్పని తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆయన కడ్డీని వెనక్కి విసిరి ముందుకు విసరాలి. మొదటిసారి ఈగ నా కొంగుకు తగులుకుంది. రెండోసారి కొప్పుకు.

"పక్కకు జరుగు మే."

"ఇంకా జరిగితే నీ చొక్కా అందదు."

రెండు గంటల పాటు ఏమీ లేదు. జాలరుల పిల్లలు కూడా విసిగి పోయారు. అప్పుడు రీలు పాడింది. కడ్డీ వంగి నీళ్ళవైపు మొక్కింది. నేను రెండు చేతులా ఆయన చొక్కా పట్టుకున్నాను.

"పోతాండాది మే, పోతాండాది" అన్నాడు ఆయన.

"పోతాది అనొద్దు. వస్తాది అను."

"నేను సెప్తే ఇంటాదా అది?"

"అను."

"వస్తాది, వస్తాది" అన్నాడు, దారం పోతూనే ఉంది. నేను లెక్కపెట్టాను. పది చీరలు. ఇక్కడే నల్లదైతే ఆయన కాలు తడిసేది. పదిహేను. ఇరవై. ఆయన కాలు ముందుకు లేచింది, నేను వెనక్కి లాగాను. ఇరవై ఐదు. ముప్పై. చక్రం అడుగున నా ముడి మసకగా కనిపించేంత పలచబడింది దారం. అక్కడ ఆగింది. ఆగి, కాసేపు అట్లాగే ఉండి, ఒక చుట్టు వెనక్కి ఇచ్చింది. ఆయన చుట్టాడు. మళ్ళీ పోయింది, మళ్ళీ వచ్చింది. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా ఇదే. మా ఆయన చీలమండలకు పైన ఒక్క చుక్క తడవలేదు.

చేప మూర పొడుగుంది. వెండి జరీ అంచులాగా మెరిసింది. ఆయన గాలం ఊడదీసి, అది నోరు తెరిచి మూస్తుంటే, రెండు చేతులతో మోకాళ్ళలోతు నీళ్ళకు తీసుకుపోయాడు. నేను కూడా పోయాను, చొక్కా పట్టుకునే. చేతులు విడదీశాడు. అది వెంటనే పోలేదు. ఆయన అరచేతుల మధ్యనే కాసేపు నిలబడింది.

"పోయి రా" అన్నాను దానితో.

తోక ఆడించి పోయింది.

"మళ్ళీ రమ్మంటావా దాన్ని? మూతి చీలిపోయుండాది పాపం" అన్నాడు మా ఆయన. నవ్వు దాచుకోలేకపోయాడు, అది చెవుల దాకా వచ్చింది.

ఒడ్డుకొచ్చాక, వాడినంక మంచినీళ్ళతో కడగమని దొర రాసింది గుర్తొచ్చింది. నాయుడుపేటలో మంచినీళ్ళు పట్టుకొచ్చిన కూజా తీసి రీలు మీద సన్నగా పోశాను. సందులన్నీ కడిగాను, ముడి దాకా కడిగాను. ఆఖరి చుక్క కూడా పోశాక కొంగుతో తుడుస్తుంటే, మా ఆయన ఉప్పు కట్టిన పెదాలు తడుపుకుంటూ చెయ్యి చాపాడు.

"నాకు తాగేదానికి మే?"

"నువ్వు తుప్పు పట్టవులే. బస్సు కాడ తాగుదువు, నడువు."